గార్గి గోడ

గార్గి బొమ్మ వేయాలని హెడ్మాస్టరు గారు ఫోన్ చేస్తే వెంటనే ఒప్పుకున్నాను. రాత్రి కాగితం ముందేసుకుని కూర్చున్నాక గాని తెలియలేదు, గార్గికి ముఖం లేదని. సావిత్రీబాయి ఫూలేను మా జిల్లాలో ఎన్ని బడి గోడల మీద వేశానో లెక్కలేదు. ఆమెకు ఒక రూపం స్థిరపడింది, పిల్లలు గేటు దగ్గర్నుంచే గుర్తుపడతారు. అంబేడ్కర్‌నూ, అబ్దుల్ కలాంనూ కళ్ళు మూసుకుని వేయగలను. గార్గి అలా కాదు. ఆమె ఉన్నది బృహదారణ్యకోపనిషత్తులో, మాటల్లో మాత్రమే. ఆమె ఎంత పొడుగో, ఏ రంగో, ఏం కట్టుకుందో అందులో లేదు. ఏం అడిగిందో మాత్రం పొల్లుపోకుండా ఉంది.

మా నాయిన భువనగిరిలో బోర్డులు రాసేవాడు. కిరాణా కొట్టు, టైలరు షాపు, ఎరువుల దుకాణం, ఎన్నికలొస్తే గోడల మీద గుర్తులు. ఎనిమిదో తరగతి నుంచి నేను ఆయన వెనకాల రంగు డబ్బా పట్టుకుని తిరిగాను. ఫ్లెక్సీలు వచ్చాక చూస్తుండగానే ఆ పని ఎండిపోయింది. నాయిన బ్రష్షులు కడిగి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. నేను దించాను. బడులు, అంగన్‌వాడీలు, ఆస్పత్రి వరండాలు. ఇరవై రెండేళ్ళుగా గోడలే నా అన్నం.

నాయిన నేర్పిన మొదటి పాఠం బొమ్మ గురించి కాదు. "కింద ఏముందో గోడనడుగు బిడ్డా" అనేవాడు. రంగు ప్రైమరు మీద ఉంటుంది. ప్రైమరు పుట్టీ మీద, పుట్టీ ప్లాస్టరింగు మీద, ప్లాస్టరింగు ఇటుక మీద, ఇటుక పునాది మీద, పునాది ఆ ఊరి నేల మీద. ఆ నేలలో ఉప్పుంటే, పక్కన బోరు నీళ్ళు మడుగు కడుతుంటే, అదంతా ఇటుకలోంచి మెల్లగా పైకెక్కి ఒకరోజు బొమ్మ చెంప మీద తెల్లగా తేలుతుంది. నేను ఒకసారి ఈ పాఠం మరిచాను. ఒక బడిలో ప్రారంభోత్సవం తేదీ ఖాయమైందని కాంట్రాక్టరు తొందరపెడితే పచ్చి ప్లాస్టరింగు మీదే రంగేశాను. సిమెంటు గోడకు తక్కువలో తక్కువ 28 రోజులైనా ఆగాలి, నేను తొమ్మిది రోజులే ఆగాను. నాలుగు నెలల్లో బొమ్మంతా పొట్టు లేచింది. చేసిన పని అలా రాలిపోతుంటే చూడడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు. అప్పట్నుంచి గోడకు ఒక ప్లాస్టిక్ కవరు నాలుగంచులా టేపుతో అంటించి, రాత్రంతా వదిలేసి, తెల్లారి వచ్చి చూస్తాను. లోపల చెమట పట్టి ఉంటే పని మొదలుపెట్టను. ఎవరు చెప్పినా సరే.

హెడ్మాస్టరు గారి బడి పోచంపల్లి వైపు ఒక నేత ఊళ్ళో ఉంది. ఆడపిల్లల ఉన్నత పాఠశాల. 22 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, పడమటి ముఖం గోడ. కవరు అంటించి ఇంటికొచ్చి, ఆ రాత్రే ఉపనిషత్తు తెలుగు అనువాదం ముందేసుకున్నాను.

విదేహ రాజు జనకుడు పెద్ద దక్షిణలిచ్చే యాగం చేశాడు. కురు, పాంచాల దేశాల నుంచి పండితులు వచ్చారు. రాజు 1000 ఆవుల్ని నిలబెట్టి, ఒక్కోదాని కొమ్ములకు ఆనాటి తూకంలో పదేసి పాదాల బంగారం కట్టించాడు. మీలో బ్రహ్మాన్ని అందరికంటే బాగా ఎరిగినవారు ఈ ఆవుల్ని తోలుకుపొమ్మన్నాడు. ఎవరూ కదల్లేదు. యాజ్ఞవల్క్యుడు మాత్రం తోలుకెళ్ళమని తన శిష్యుడికి చెప్పాడు. మిగతావాళ్ళకు కోపం వచ్చింది, ఒక్కొక్కరే ప్రశ్నలకు దిగారు. అశ్వలుడితో మొదలై ఐదుగురయ్యాక గార్గి వాచక్నవి అడిగింది.

ఇదంతా నీళ్ళలో పడుగూ పేకలా అల్లుకుని ఉంది కదా, మరి ఆ నీళ్ళు దేనిలో అల్లుకున్నాయి? అదీ ఆమె మొదటి ప్రశ్న. గాలిలో అన్నాడాయన. గాలి దేనిలో? అంతరిక్ష లోకాల్లో. అవి? గంధర్వ లోకాల్లో. అక్కణ్ణుంచి సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, దేవతలు, ఇంద్రుడు, ప్రజాపతి, చివరికి బ్రహ్మ లోకాలు. పది జవాబులు. ఒక్కో జవాబునూ ఆమె ప్రశ్నగా తిప్పి ఆయన చేతికే ఇచ్చింది. పదో జవాబు దాటి, బ్రహ్మ లోకాలు దేనిలో అల్లుకున్నాయి అనగానే, గార్గీ అతిగా అడగకు, నీ తల పడిపోగలదు అన్నాడు. ఆమె మిన్నకుంది.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆమె అడుగుతున్నదీ, నాయిన గోడల దగ్గర అడగమన్నదీ ఒకటే ప్రశ్న. పైకి కనిపించేదాన్ని నమ్మి ఆగిపోవద్దు, దాని కింద ఏముంది, ఆ కిందిదాని కింద ఏముంది.

ఆమె అడిగిన తీరు సంస్కృతంలో ఓతం, ప్రోతం అనే రెండు మాటల మీద నడుస్తుంది. మగ్గం మాటలవి. మన తెలుగులోనూ ఓతప్రోతం అంటాం గానీ ఆ మాట వెనక మగ్గం ఉందని మరిచిపోయాం. నేత ఊరి పిల్లలకు దీన్ని విప్పి చెప్పాల్సిన పనే లేదు. పొద్దున లేస్తే వాళ్ళ ఇళ్ళలో వినిపించేది పడుగు, పేక, నాడె, ఆసు. ఈ బొమ్మ ఈ గోడ మీదే ఉండాలని నాకు ఆ రాత్రే గట్టిగా అనిపించింది.

మర్నాడు హెడ్మాస్టరు గారు తన మనసులో ఉన్న బొమ్మ చెప్పారు. యాజ్ఞవల్క్యుడు ఎత్తైన ఆసనం మీద, చెయ్యెత్తి హెచ్చరిస్తూ. గార్గి కింద చేతులు జోడించి, తల వంచుకుని. చేతిలో తాటాకుల గ్రంథం.

"సార్, కథ అక్కడ ఆగలేదు" అన్నాను. ఆయనకు తెలిసింది ఆ మొదటి ప్రశ్నలున్న ఆరో బ్రాహ్మణం అనే భాగం దాకానే. చాలామందికి అంతే. తల పడిపోతుందన్న మాట అందరికీ గుర్తుంటుంది, తర్వాత ఆమె మళ్ళీ లేచిందన్నది ఎవరూ చెప్పరు. మధ్యలో ఉద్దాలకుడు అడిగి ఊరుకున్నాక, ఎనిమిదో బ్రాహ్మణంలో గార్గి సభకు చెప్పి మరీ లేచింది. ఇతణ్ణి రెండు ప్రశ్నలడుగుతాను, వీటికి జవాబు చెబితే మీలో ఎవరూ ఇతణ్ణి గెలవలేరంది. కాశీ వీరుడో విదేహ వీరుడో దించిన వింటికి మళ్ళీ నారి బిగించి, రెండు బాణాలు పట్టుకుని లేచినట్టు లేచానని తనే చెప్పుకుంది. స్వర్గానికి పైనున్నదీ, భూమికి కిందున్నదీ, నడుమ ఉన్నదీ, జరిగిందీ జరుగుతున్నదీ జరగబోయేదీ దేనిలో అల్లుకుని ఉందని ఒక ప్రశ్న. ఆకాశంలో అన్నాడు. ఆ ఆకాశం దేనిలో అని రెండోది. ఈసారి ఆయన ఆపలేదు, బెదిరించలేదు. అక్షరం, నశించనిది, అని మొదలుపెట్టి పూర్తిగా జవాబిచ్చాడు. అప్పుడు గార్గి సభ వైపు తిరిగి, ఇతనికి నమస్కరించి బయటపడితే అదే మీకు గొప్ప, ఇతణ్ణి ఎవరూ ఓడించలేరని తీర్పు చెప్పింది. ఆ మాట వినకుండా శాకల్యుడు వాదానికి దిగాడు. తల పడిపోయింది అతనిది.

ఇదంతా చెబుతున్నప్పుడు నా గొంతు కాస్త పైకి లేచినట్టుంది. సార్ నా వంక చూసి, "మీకు ఈ గోడ బాగా పట్టిందమ్మా" అన్నారు. పట్టింది మరి. పదో తరగతిలో నేను లెక్కల సార్‌ను ఒక ప్రశ్న రెండోసారి అడిగితే కూర్చోమన్నాడు. కూర్చున్నాను. మళ్ళీ లేవలేదు.

తాటాకుల విషయంలో మాత్రం రెండు రోజులు వాదన నడిచింది. పండితురాలంటే చేతిలో పుస్తకం ఉండాలి, లేకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుందని సార్ పట్టు. ఉపనిషత్తుల్లోని పాతవాటిలో బృహదారణ్యకం ఒకటి. పండితులు దాన్ని క్రీస్తు పూర్వం 7వ శతాబ్దం దగ్గర పెడతారు. మన దేశంలో చదవగలిగిన రాతలు విరివిగా కనిపించేది క్రీస్తు పూర్వం 3వ శతాబ్దపు అశోకుడి శాసనాలతో. గార్గి చదువు చెవిలో, నోట్లో, జ్ఞాపకంలో ఉన్న చదువు. ఆమె చేతిలో గ్రంథం పెడితే ఆమె గొప్పతనాన్ని తగ్గించినట్టేనని చెప్పాను. అంతా తలలో మోసుకుని నిండు సభలో నిలబడింది ఆమె. చివరికి సార్ ఒప్పుకున్నారు. అయితే చేతిలో ఏం పెడతారని అడిగారు. నాకూ అప్పటికి తెలియదు.

బట్టలు మరో చిక్కు. పాత కాలపు ఆడవాళ్ళను వేయాలంటే నాకు మొదట తోచేవి అమరావతి శిల్పాలు. చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో ఆ సున్నపురాతి పలకల ముందు గంటల తరబడి నిలబడి నకళ్ళు గీసుకున్నాను, ఇప్పటికీ ఆ పుస్తకం నా దగ్గరుంది. కానీ అవి గార్గికి కొన్ని వందల ఏళ్ళ తర్వాతివి. ఆ నగలు, ఆ కడియాలు ఆమెకు తొడిగితే అబద్ధం. క్యాలెండరు బొమ్మల్లోలాగా కాషాయం కట్టి రుద్రాక్షలు వేయడమూ మనసొప్పలేదు. అందుకే కుట్టని తెల్ల నూలు బట్ట కట్టాను. నడుముకొకటి, భుజం మీద ఒకటి. నగల్లేవు. ఒంటి రంగుకు రెడాక్సైడు, పసుపు ఆక్సైడు, చుక్క నలుపు కలిపాను. ఎండలో వడియాల్లా దారపు చిలుపలు ఆరేసే ఆ ఊరి ఆడవాళ్ళ రంగు అది. కాస్త తెల్లగా వేయండి మేడం అని దారిన పోయే ఒకాయన సలహా ఇచ్చాడు. వేయలేదు.

ఒంటి రంగు పోగా గోడంతటికీ మూడే రంగులు అనుకున్నాను. ఎరుపు, నలుపు, తెలుపు. ఇవి తేలియా రుమాలు రంగులు. చీరాలలోనూ, మా పుట్టపాకలోనూ నేసే ఆ గుడ్డకు దారాన్ని నూనెలో, ఆముదం కాయల బూడిదలో, గొర్రె పెంటలో నానబెట్టి ఎండబెడతారు. అప్పుడే ఎరుపు దారంలోకి ఇంకుతుంది. గోడ మీద ఆ ఎరుపు కోసం ట్యూబు ఎరుపు వాడితే పడమటెండకు రెండేళ్ళలో వెలిసిపోతుంది. రెడాక్సైడు అంత మెరవదు గానీ నిలుస్తుంది. ఆవుల కొమ్ముల చివర్లకు మాత్రమే నాలుగో రంగు. బంగారు పెయింటు బయటి గోడ మీద నల్లబడుతుంది కాబట్టి పసుపు ఆక్సైడే వాడాను. 1000 ఆవుల్ని వేయలేను, వేసినా అవే కనిపిస్తాయి. చీర అంచులా బొమ్మ కింది వైపు పొడవునా కొమ్ముల జతలు మాత్రం వరసగా నడిపాను. దూరం నుంచి చూస్తే గుడి అంచు చీరలా ఉంటుంది. దగ్గరికొస్తే కొమ్ములని తెలుస్తుంది.

కవరు మూడోసారికి పొడిగా వచ్చింది. పాత సున్నం గీకి, ఇనుప బ్రష్షుతో రుద్ది, ప్రైమరు, రెండు కోట్ల ఎమల్షను. స్కెచ్చులో అంగుళం గోడ మీద అడుగు. సుద్ద దారం కొట్టి 220 గళ్ళు. అన్నిటికంటే ముందు ఒకే ఒక్క అడ్డగీత కొట్టాను, నేల నుంచి ఆరడుగుల ఎత్తులో, గోడ ఈ చివర నుంచి ఆ చివరకు. గార్గి కళ్ళు, యాజ్ఞవల్క్యుడి కళ్ళు రెండూ ఆ గీత మీదే ఉండాలి. ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టాను, ఆమెను నేల మీద నిలబెట్టాను. కళ్ళు సమానం. ఆయన ముఖంలో కోపం పెట్టలేదు. ఒకసారి ఆపినా రెండోసారి పూర్తిగా జవాబిచ్చిన మనిషి ఆయన, ఆ మర్యాద ఆయనకు దక్కాలి. వింటున్నవాడి ముఖం వేశాను.

కష్టమంతా ఆమె నోటి దగ్గర వచ్చింది. అడుగుతున్న మనిషిని ఎలా వేయాలి? నోరు కాస్త తెరిస్తే పాడుతున్నట్టుంది. ఇంకాస్త తెరిస్తే అరుస్తున్నట్టుంది. మూస్తే ధ్యానం. నాలుగుసార్లు చెరిపాను. ఐదో రోజు బ్రష్షు పక్కన పెట్టి, టీచరమ్మను అడిగి తొమ్మిదో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. రెండు పీరియడ్లు ఒక్క అమ్మాయీ ఏమీ అడగలేదు. మూడో దాంట్లో సైన్సు చెబుతుంటే కిటికీ పక్క పిల్లకు సందేహం వచ్చింది. చెయ్యి లేవకముందే, నోరు తెరవకముందే, మెడ ముందుకు సాగింది. గడ్డం అరంగుళం కదిలింది. భుజాలు మాత్రం వెనకే ఉన్నాయి, ఇంకా భయపడుతూ. ప్రశ్న నోట్లో కాదు, మెడలో పుడుతుందని నాకు అప్పుడు తెలిసింది. గార్గి పెదవులు దాదాపు మూసే ఉంచాను. మెడను ముందుకు సాచాను. భుజాలను కూడా మెడతో పాటే తెచ్చాను.

చేతుల్లో ఏం పెట్టాలన్నది కూడా ఆ వారమే తేలింది. వెనక గోడంతా పడుగు దారాలు పరిచాను, ఇటు నుంచి అటు. గార్గి కుడి చేతి వేళ్ళ మధ్య రెండు ఎర్ర దారాలు, వింటి నారిలా వెనక్కి లాగి పట్టుకున్నట్టు. రెండు ప్రశ్నలు, రెండు బాణాలు, రెండు దారాలు. వేసి కిందికి దిగి చూస్తే నాకే సంబరమైంది.

మధ్యాహ్నం బువ్వ డబ్బా ఇవ్వడానికి ఒక పిల్ల తల్లి వచ్చింది. ఇంటి దగ్గర ఆసు పోసే మనిషి. పోచంపల్లి చీరకు దారాన్ని అర్ధచంద్రం మేకుల చుట్టూ అటూ ఇటూ వేల సార్లు చేత్తో తిప్పి పోయాలి, ఆ పని ఆడవాళ్ళదే. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారని, 2017లో పద్మశ్రీ వచ్చిందని ఇక్కడ చిన్నపిల్లలూ చెబుతారు. ఈమె ఇంకా చేత్తోనే పోస్తుంది. గోడ ముందు నిలబడి కాసేపు చూసింది.

"మంచిగుంది బిడ్డా. గని పడుగు ఇట్ల వదులుగుంటే నాడె పారదు."

చూస్తే నిజమే. అందంగా ఉంటుందని దారాల్ని కొంచెం ఒంపు తిప్పాను, గాలికి ఊగుతున్నట్టు. మగ్గం మీద దారం ఊగదు. బిగిసి ఉండాలి, వేలితో మీటితే మోగాలి. గార్గి అడిగిన ప్రశ్నలో బిగువంతా ఆ పడుగులోనే ఉంది, నేను దాన్నే వదులు చేశాను. రెండు రోజుల పని. తెల్లరంగు కొట్టి మొత్తం మూసేశాను. మళ్ళీ సుద్ద దారం పట్టి, అటు చివర ఆమెనే పట్టుకోమన్నాను. ఇద్దరం కలిసి 140 గీతలు కొట్టాం. ఆమె బిగువు చూసి చెప్పేది, నేను దారం వదిలేదాన్ని. పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. "చిటికి కట్టి రంగు ముంచితె అంచు గింత నున్నగ రాదు, జర పొగలెక్క వస్తది." దారాన్ని రబ్బరుతో బిగించి కట్టినా రంగు కాస్త లోపలికి పాకుతుంది, అందుకే ఇక్కడి డిజైన్ల అంచులు మసగ్గా ఉంటాయి. ఆ సాయంత్రం పొడి బ్రష్షుతో గార్గి బట్ట అంచులన్నీ పొగలా లాగాను. అంతవరకూ గోడ మీద అతికించినట్టున్న ఆమె, ఆ దారాల్లోంచే వచ్చినట్టు అయింది.

ఆ గోడ మీద పనిచేస్తున్నన్నాళ్ళూ బీహార్‌లోని మధుబని గుర్తొస్తూనే ఉంది. గార్గి నిలబడిన విదేహ దేశమంటే నేటి మిథిల. అక్కడి ఇళ్ళలో తరతరాలుగా గోడల మీద బొమ్మలు వేసింది ఆడవాళ్ళే. పెళ్ళి గది గోడ మీద వేసే బొమ్మను కోహబర్ అంటారు. 1934 భూకంపంలో ఇళ్ళు కూలి లోపలి గోడలు బయటపడితే విలియం ఆర్చర్ అనే ఆంగ్లేయ అధికారి ఆ బొమ్మల్ని చూసి లోకానికి చెప్పాడు. 1960ల్లో కరువొచ్చినప్పుడు ఆ ఆడవాళ్ళ చేతికి కాగితం ఇచ్చారు, బొమ్మలు అమ్ముడుపోయాయి. 1975లో జగదంబా దేవికి పద్మశ్రీ వచ్చింది. నేను 2018లో అక్కడికి వెళ్ళాను. అంతకుముందు ఏడాదే స్థానిక చిత్రకారులు స్టేషను గోడలన్నీ బొమ్మలతో నింపారు. రైలు దిగి ప్లాట్‌ఫారం మీదే గంటన్నర ఉండిపోయాను. ఒక పల్లెలో వెదురుపుల్లకు దూది చుట్టి గీత గీస్తున్న ముసలామెను చూశాను. గళ్ళు లేవు, స్కెచ్చు లేదు, చెరిపేది లేదు. మా ఇద్దరికీ భాష కలవలేదు. నా అరచేతులు పట్టుకుని చూసి, గోళ్ళ కింద రంగు చూపించి నవ్వింది.

గోడ పని 19 రోజుల్లో ముగిసింది. కింద రెండడుగులు మాత్రం బొమ్మ వేయకుండా సున్నం పూసి వదిలేశాను. చెమ్మ ఎక్కితే అక్కడే ఎక్కుతుంది, సున్నమైతే గాలి పీల్చుకుంటుంది, ఏడాదికోసారి మళ్ళీ పూసుకోవచ్చు. సార్‌కు అది వెలితిగా కనిపించింది. ఇంకా కనిపిస్తుందేమో.

వానలు తగ్గాక మొన్న వెళ్ళాను. ఒంటి రంగు కలిపి దాచిన చిన్న డబ్బా తీసుకెళ్ళాను. బడి వదిలిన తర్వాత వేలి కణుపులతో గోడంతా కొట్టుకుంటూ వచ్చాను. పడుగు దారాలు గట్టిగా పలికాయి. యాజ్ఞవల్క్యుడి అరుగూ గట్టిగానే ఉంది. గార్గి ఎడమ పాదం దగ్గర డొల్ల శబ్దం వచ్చింది, అరచేయంత మేర. పైకి రంగు చెక్కుచెదరలేదు, చూసినవాళ్ళెవరికీ తెలియదు. గీకుడు పట్టీతో తెరిచాను. రంగు, పుట్టీ, ప్లాస్టరింగు, ఇటుక. ఇటుక తడిగా ఉంది. వెనక్కి వెళ్ళి చూస్తే ట్యాంకు పైపు జాయింటు దగ్గర సన్నగా నీళ్ళు కారుతున్నాయి. ప్లంబరుకు చెప్పాను. పాదం దగ్గర ఇటుక అలాగే తెరిచి ఉంచి వచ్చాను. ఆరాక కవరు అంటించి చూడాలి.